వంతెన నేల కాదు

"రోడ్డు తన మీదుగా తానే దాటితే సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుందండీ." ఈ మాట కాకినాడలో విన్నాను, హైదరాబాదులో విన్నాను, చివరికి అమలాపురంలో నా పక్క కుర్చీలో కూర్చున్న కుర్రాడి నోటా విన్నాను. దాని తోకకు ఇంకో మాట ఎప్పుడూ కట్టే ఉంటుంది. ఈ ప్రోగ్రాములకు ఒక చోట ఒకే ఎత్తు తెలుసు, పాతకాలపు బుర్ర, అసలు సిసలు త్రీడీ వస్తే తప్ప మన కష్టాలు తీరవు అని. కోచింగ్ సెంటర్లలో ఇదే చెబుతున్నారు. అమ్మేవాళ్ళు చెప్పనక్కర్లేదు, మనమే చెప్పుకుని మనమే కొనుక్కుంటున్నాం. ఈ అభిప్రాయం మొదలంటా తప్పని నా వాదన. ఒక చోట ఒకే ఎత్తు అనడం సాఫ్ట్‌వేర్‌కు పట్టిన జబ్బు కాదు. అది నేలకున్న గుణం. వంతెనను నేలలో కలిపెయ్యాలన్న తొందర మనది.

ముందు ఆ రోడ్డు డిజైను సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూద్దాం. సర్వే చేసి తెచ్చిన పాయింట్లకు అడ్డం, నిలువు, ఎత్తు అని మూడేసి అంకెలుంటాయి. సివిల్ త్రీడీ అయినా, ఓపెన్‌రోడ్స్ అయినా, వాటిని త్రిభుజాలుగా కలుపుతుంది. ఆ త్రిభుజాల అల్లికే సర్ఫేస్. ఏ పాయింటును ఏ పాయింటుతో కలపాలో తేల్చే సూత్రం కంప్యూటర్ల కంటే పాతది. 1934లో సోవియట్ గణితవేత్త బోరిస్ డెలోనే ప్రచురించాడు. త్రిభుజం మూడు మూలల గుండా వృత్తం గీస్తే దాని లోపల మరో పాయింటు పడకూడదు. అంతే. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ సూత్రం ఎత్తు వంక చూడనే చూడదు. పైనుంచి చూస్తే ఎవరికి ఎవరు దగ్గరో వాళ్ళను కలిపేస్తుంది. వంతెన మీది పాయింటూ, దాదాపు దాని కిందే ఉన్న రోడ్డు పాయింటూ పైనుంచి చూస్తే ఇరుగుపొరుగులే. కలిపేస్తుంది. ఆరు మీటర్ల గాలిని లెక్కచెయ్యకుండా పైదానికీ కిందిదానికీ గోడ కట్టేస్తుంది.

దీన్ని చూసే మనవాళ్ళు "చూశారా, రాదు" అంటారు. ఏం జరిగిందో దగ్గరగా చూసినవాళ్ళు తక్కువ.

అమలాపురానికి దిగువన ఒక పాయ మీద వంతెన. ఏ ఊరో చెప్పను, తప్పు మా గదిలో జరిగింది కాబట్టి. గట్టు వెంట పోయే రోడ్డు లెవెల్ 3.2 మీటర్లు. దాని మీద లారీ తిరగాలి కనుక 5 మీటర్ల పైన ఖాళీ వదిలి, దూలాలూ శ్లాబూ కలుపుకుంటే డెక్ పైభాగం 9.3కి వచ్చింది. వంతెన దిగిన బండి అప్రోచ్ చివర వెనక్కి తిరిగి, మట్టికట్ట పాదం వెంట సర్వీసు రోడ్డులో వచ్చి, వంతెన చివరి స్పాను కిందుగా దూరి అవతలి కొబ్బరితోటల్లోకి పోవాలి. అంటే రోడ్డు తన కిందుగా తానే పోతుందన్నమాట. కుర్రాడు ఈ మొత్తాన్నీ ఒకే అలైన్‌మెంటుగా, అంటే ఒకే దారిగీతగా గీశాడు. పైనుంచి చూస్తే సగం బిగించిన తాడుముడిలా ఉంది. రెండంచులూ, నడిమి గీతా తీసుకెళ్ళి ఒకే సర్ఫేస్‌లో బ్రేక్‌లైన్లుగా, అంటే త్రిభుజాలు దాటకూడని అంచు గీతలుగా వేశాడు. పైన మూడు గీతలు, కింద మూడు గీతలు, మొత్తం తొమ్మిది చోట్ల ఒకదాన్నొకటి దాటాయి.

అప్పుడు ప్రోగ్రాము ఊరుకోలేదు. బ్రేక్‌లైన్లు దాటుకుంటున్నాయని చోటు చోటుకీ ఒక లైను రాసి హెచ్చరికల పట్టీలో పెట్టింది. ఆ పట్టీని మా కుర్రాడు మూసేశాడు. అందరం మూసేస్తాం లెండి. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్ళాడు. దాటుకునే గీతల్ని ఒప్పుకోనా అని అక్కడొక ప్రశ్న ఉంటుంది. అవునన్నాడు. అయితే దాటే చోట ఎవరి ఎత్తు తీసుకోను, మొదటి గీతదా, చివరి గీతదా, రెండింటి సగటా అని ఇంకో ప్రశ్న. ఎవరికీ అన్యాయం జరక్కూడదని కాబోలు, సగటు అన్నాడు. 9.3, 3.2, రెండూ కలిపి సగం చేస్తే 6.25. ఆ తొమ్మిది చోట్లా రోడ్డు 6.25 మీటర్ల ఎత్తుకు వచ్చి నిలబడింది.

6.25 దగ్గర అక్కడ ఏముంది? డెక్ లేదు, దూలం లేదు, మట్టి లేదు, తారు లేదు. కాకి ఎగిరే చోటది.

ఇంతటితో పోలేదు. మట్టిపని లెక్క తీద్దామని కొత్త సర్ఫేస్‌లోంచి పాత నేలను తీసేశాడు. ఆ లెక్క రెండింటి మధ్య నిలువు తేడాను మట్టిగా కడుతుంది. దానికి వేరే అర్థం తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. సెట్టింగు సరిచేసి డెక్‌ను 9.3 దగ్గరే నిలబెట్టినా ముప్పు తప్పదు. స్పాను వెడల్పు 12 మీటర్లు, పొడవు 30 మీటర్లు, కింది రోడ్డుకూ డెక్ పైభాగానికీ తేడా 6.1 మీటర్లు. గుణిస్తే 2,196 ఘనపు మీటర్లు. టిప్పరుకు పది చొప్పున వేసుకున్నా దాదాపు 220 టిప్పర్ల మట్టి. స్పాను కింద లారీలు పోయే దారినంతా మట్టితో పూడ్చి, ఆ మట్టికి ఎస్టిమేటు కట్టినట్టు. పొరపాటున అది కొలతలు రాసే ఎం.బుక్ దాకా వెళ్ళి ఉంటే ఏమని సమాధానం చెప్పేవాళ్ళం? సాఫ్ట్‌వేర్‌కు రాదండీ అనేనా?

"ఆయ్, మరి దానికి రెండు ఎత్తులు పెట్టుకునే దారి ఉండాలి కదండీ" అన్నాడు కుర్రాడు. చాలామంది వాదన ఇదే. వినడానికి న్యాయంగా ఉంటుంది కనుకే దీన్ని ఖండించాలి.

గన్నవరం వెళ్దాం రండి. మా పి.గన్నవరమే, విమానాలు దిగే గన్నవరం కాదు. అక్కడ కింద గోదావరి పాయ వైనతేయ పారుతుంది, పైన పంటకాలువ పారుతుంది. 1850లలో కాటన్ దొర హయాంలో 40 అడుగుల కమానులు 49 కట్టి, నగరం లంకకు నీళ్ళివ్వడానికి కాలువను నది మీదుగా దాటించారు. దాని పక్కనే తర్వాత కట్టిన అక్విడెక్టును డొక్కా సీతమ్మ పేరుతో పిలుస్తున్నాం. ఆ చోట నేల ఎత్తు ఎంత అని అడిగితే ఏం చెబుతారు? కాలువ అడుగు చెబితే నదికి అడ్డంగా ఆనకట్ట కట్టినట్టే. నది అడుగు చెబితే నూట డెబ్బై ఏళ్ళుగా పారుతున్న కాలువ లేనట్టే, నగరం లంక ఎండినట్టే. రెండూ కలిపి సగటు చెప్పారా, నీళ్ళు గాలిలో వేలాడతాయి. ఆ కాలపు ఇంజనీర్లకు ఈ ప్రశ్న ఎదురవలేదు. వాళ్ళ దగ్గర కంప్యూటర్ లేకపోవడం దీనికి కారణం కాదు. ప్లాను ఒక కాగితం, సెక్షను ఇంకో కాగితం. నది ఒక పని, కట్టడం ఇంకో పని. ఒక కాగితం మీద రెండు ఎత్తులు రుద్దాలన్న దురద వాళ్ళకు లేదు. డార్జిలింగ్ దగ్గర బతాసియా లూపు 1919 నాటిది. బుల్లి రైలు పట్టాలు గుండ్రంగా తిరిగి తమ మీదుగా తామే దాటుతాయి. దాన్ని గీసినవాళ్ళు కూడా ఏ త్రీడీ కోసమూ ఆగలేదు.

కోనసీమ చదునైన దేశం, ఇక్కడ ఇలాంటి చిక్కులెందుకొస్తాయి, ఇవన్నీ హైదరాబాదు ఫ్లైఓవర్ల గొడవలు అని ఇంకొందరంటారు. ఈ మాటకైతే నాకు నవ్వొస్తుంది. చదునైన చోటే ఈ చిక్కు ఎక్కువ. కొండ దేశంలో రోడ్డు ఎక్కడానికి కొండ ఉంటుంది. ఇక్కడ ఎత్తు కావాలంటే ఎవరి ఎత్తు వాళ్ళే మట్టి పోసి చేసుకోవాలి. మైదానపు రోడ్డుకు మామూలుగా ఇచ్చే వాలు 30కి 1. 6.1 మీటర్లు ఎక్కాలంటే 183 మీటర్ల అప్రోచ్ కావాలి, అదీ ఒక్క వైపున. ఆ 183 మీటర్లలో ఎన్ని కొబ్బరిచెట్లు పోతాయో, ఎందరి దొడ్లు చీలతాయో, ఎన్ని నోటీసులు తిరిగొస్తాయో ఇక్కడ పనిచేసినవాడికి చెప్పక్కర్లేదు. అందుకే రోడ్డు పొడుగ్గా పోలేక మెలిక తిరుగుతుంది, తన కిందే దూరుతుంది. ఇక వంతెనలు వదిలేసి కాలువల సంగతి చూడండి. మురుగు కాలువ పంటకాలువ కిందుగా సొరంగంలో దాటే చోటును యూటీ అంటాం. పైన గట్టు మీద రోడ్డు, పక్కన పంటకాలువ, అడుగున మురుగు. మూడు అంతస్తుల వ్యవహారం, నాలుగైదు మీటర్ల ఎత్తులో. ఏ లాకుల దగ్గర నిలబడి చుట్టూ చూసినా ఇంతే. చదునట!

ఇంత దూరం చెప్పాక అసలు సంగతికి వస్తాను. ఈ చర్చంతా బొమ్మ అందం గురించి కాదు, నీళ్ళ గురించి. కోనసీమలో ఏ మోడల్ అయినా చివరికి ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: నీళ్ళు ఎటు పోతాయి? 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరిలో 35 లక్షల క్యూసెక్కులు దాటాయి, గట్లు తెగాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటాయి, లంకలన్నీ పడవల మీద బతికాయి. ఇలాంటి చోట వరద లెక్క కట్టే మోడల్‌లో వంతెన డెక్‌ను నేలతో కలిపి ఉంచారనుకోండి, ఆ వంతెన ఆనకట్టయి కూర్చుంటుంది. దాని వెనక లేని ముంపు కనిపిస్తుంది, ముందర ఉన్న ముంపు కనిపించదు. సరే వంతెన తీసేద్దామని మొత్తం అప్రోచ్‌తో సహా చెరిపేశారనుకోండి, అది ఇంకా ప్రమాదం. అప్రోచ్ నిజంగా మట్టికట్ట. నీటిని నిజంగా ఆపుతుంది. దాన్ని చెరిపితే మోడల్‌లో నీళ్ళు దర్జాగా దాటిపోతాయి, ఊళ్ళో మాత్రం నిలబడతాయి.

కాబట్టి నేల ఎక్కడ ఆగింది అన్నదే డిజైనరు తేల్చాల్సిన మొదటి సంగతి. అడుగు దాకా మట్టే ఉన్నది నేల. కింద గాలి గానీ నీళ్ళు గానీ ఉండి పైన మోసేది కట్టడం. మట్టికట్ట వంతెన చివర దాన్ని మోసే గోడ, అంటే అబట్‌మెంట్ దాకా వస్తుంది, అక్కడ ఆగుతుంది. అక్కడే అలైన్‌మెంట్ చైనేజీ, అంటే మొదటి నుంచి దూరం, రాసుకుని సర్ఫేస్‌ను ఆపాలి. ఇవతలి కట్ట ఒక ముక్క, అవతలి కట్ట ఒక ముక్క, కింద రోడ్డు ఆ నేలలోనే ఒక భాగం. డెక్ వేరే సర్ఫేస్, లేదా వేరే ఘనాకారం. ఇలా చేస్తే ఏ సర్ఫేస్‌లోనూ ఒక చోట రెండు ఎత్తులు రావు. తొమ్మిది హెచ్చరికలూ పోతాయి. 2,196 ఘనపు మీటర్ల దెయ్యపు మట్టి పోతుంది. దీన్నే మనవాళ్ళు "వర్క్‌అరౌండ్" అంటారు, ఏదో దొడ్డిదారిన పని గట్టెక్కించినట్టు. ఇది దొడ్డిదారి కాదండీ, సింహద్వారం. ముక్కలు చెయ్యడమే డిజైను. భూమి మీద ముక్కలుగా ఉన్నదాన్ని తెర మీద ఒకటిగా అతికించడమే తప్పుడు పని.

ఈ విషయం మనకే కొత్త. విమానం మీంచి లేజరుతో కొలిచే లైడార్ పాయింట్లకు తరగతి నంబర్లుంటాయి. నేలకు 2, నీటికి 9. వంతెన డెక్‌కు విడిగా 17 ఇచ్చారు, నేలలో కలపలేదు. నేల మోడల్ తయారుచేసేటప్పుడు ఆ 17ను పక్కన పెడతారు. ఎవరైనా మార్చుకోగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా వంతెన మీది దారికి పొర నంబరు ఇస్తారు, కిందిదానికి వేరే నంబరు. రెండు గీతలు తెర మీద దాటుకుంటాయి గానీ కలిసే పాయింటు పెట్టరు. పెడితే దారి చూపించే యాప్ వంతెన మీంచి కింది రోడ్డులోకి దూకమంటుంది. ప్రపంచానికి ఇంత స్పష్టంగా తెలిసిన సంగతిని మనం సాఫ్ట్‌వేర్ చేతకానితనంగా చెప్పుకుంటున్నాం. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. ఇక్కడ మద్దెల పాపం ఓడు కాకపోగా, తాళం తప్పుతోందని తొమ్మిది సార్లు చెప్పింది కూడా.

అవతలివాళ్ళ మాటలో నిజమే లేదని నేననను. ముక్కలుగా చేసిన మోడల్ మోయడం విసుగే. వంతెన మీటరు జరిగితే చైనేజీలన్నీ మార్చాలి, సరిహద్దులు మళ్ళీ గీయాలి, ఒక ముక్క మార్చి ఇంకోటి మరిచిపోయే ప్రమాదం రోజూ ఉంటుంది. రాత్రి పదింటికి డ్రాయింగులు పంపాలని ఫోను మీద ఫోను వస్తుంటే ఎవడికి ఓపిక? హెచ్చరికను మూలన చిన్న పట్టీలో పెట్టడం కూడా నాకు నచ్చదు. 6.25 దగ్గర రోడ్డు వేలాడుతుంటే తెర ఎర్రబడాలి. ఇవి ప్రోగ్రాము రాసేవాళ్ళను అడగాల్సిన న్యాయమైన కోర్కెలు. కానీ "ఒక చోట రెండు ఎత్తులు ఇవ్వు" అన్నది వీటిలో ఒకటి కాదు. అది ఇచ్చారనుకోండి, మట్టి ఎంత అని అడిగితే ఏ ఎత్తు నుంచి కొలవాలి? వాన నీరు ఎటు జారుతుందని అడిగితే ఏ పొర మీద జారాలి? ప్రశ్న మళ్ళీ మన దగ్గరికే వస్తుంది. రావడం ఆలస్యమవుతుంది, అంతే తేడా.

"బిమ్ వచ్చేస్తోంది కదా, అందులో అంతా త్రీడీయే" అనేవాళ్ళకు ఒక్క మాట. కట్టడం వివరాలన్నీ మోడల్‌లో పెట్టే ఆ బిమ్‌లోనూ వంతెనను నేలలో కలపలేదు. మోడల్‌లు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే ఐఎఫ్‌సీ 4.3 ప్రమాణాన్ని 2024లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఆమోదించింది. రోడ్డుకు ఒక గది, వంతెనకు వేరే గది, రైలుకు ఇంకో గది పెట్టారు. అంటే మీరు కొనబోయే ఖరీదైన త్రీడీ కూడా మొదటి రోజునే మిమ్మల్ని అడిగేది అదే: ఇది రోడ్డా, వంతెనా? ఆ ప్రశ్నకు ఇవాళ మన దగ్గరున్న దానితోనే జవాబు చెప్పొచ్చు. చెప్పకుండా కొన్నవాడు రేపు దానితో కూడా ముడే వేస్తాడు, కాకపోతే రంగుల్లో వేస్తాడు.

పెద్దలకు చూపించడానికి మొత్తం ఒకటిగా కనిపించే బొమ్మ కావాలంటారా, చెయ్యండి. ముక్కలన్నీ ఒక తెర మీద పేర్చి చూపిస్తే వంతెన వంతెనలాగే ఉంటుంది, కింద లారీ కూడా నడిపించొచ్చు. ఆ బొమ్మలోంచి మట్టి లెక్క తియ్యకండి, అంతే.

మా పాయ వంతెనను కుర్రాడితోనే మళ్ళీ చేయించాను. కుడి కట్ట అయింది, కింది రోడ్డు అయింది. ఎడమ వైపు అబట్‌మెంట్ దగ్గర మౌసు ఆపాడు. అక్కడ కట్టకూ గట్టుకూ మధ్య ఒక పాత తూము ఉందని సర్వేలో రెండు పాయింట్లున్నాయి, పేరు లేదు. "ఇక్కడిదాకా నేలనుకోవచ్చాండీ?" అన్నాడు.

"నాకేం తెలుసు అబ్బాయ్, వెళ్ళి చూసిరా" అన్నాను.

టేపూ, గొడుగూ పట్టుకుని బండి తీశాడు.